మిక్స్‌ని మోనోలో సరిచూసుకోవడం ఎలా?

మీ పాట బయటికి వెళ్లాక మన బెజవాడ చుట్టుపక్కల ఎక్కడెక్కడ మోగుతుందో ఒకసారి లెక్కేసుకోండి. భవానీ దీక్షల రోజుల్లో ఆటో నెత్తిన కట్టిన గొట్టం మైకులో. వినాయకచవితి పందిరి పక్కన నిలబెట్టిన ఒంటి బాక్సులో. బీసెంట్ రోడ్డులో ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడి బండికి వేలాడే బ్లూటూత్ స్పీకర్లో. గుంటూరు అరండల్‌పేటలో టిఫిన్ సెంటరు గోడకి బిగించిన డబ్బాలో. వంటగట్టు మీద కుక్కరు పక్కన ఆనించిన సెల్‌ఫోన్లో. వీటిలో చాలావాటికి ఉన్నది ఒక్క స్పీకరే. రెండున్నా అవి ఒకదానికొకటి అంగుళాల దూరంలో ఉంటాయి, లేదంటే ఒకటి పందిరికి ఈ చివర, రెండోది ఆ చివర. లెఫ్ట్, రైట్ మానిటర్లను (స్టూడియో స్పీకర్లను) టేపు పెట్టి కొలిచి, సరిగ్గా మధ్యలో కూర్చుని ఆ పాట వినేది దాదాపు మీరొక్కరే.

రేడియో సంగతీ అంతే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వచ్చేదంతా మోనోయే, అంటే లెఫ్ట్, రైట్ అని విడిగా లేకుండా ఒకటే శబ్దం. ఎఫ్.ఎం. స్టీరియోలో కూడా లెఫ్ట్, రైట్ కలిపిన మొత్తాన్ని అసలు సిగ్నల్‌గా పంపి, ఆ రెండింటి తేడాను 38 కిలోహెర్ట్జ్ దగ్గర విడిగా ఎక్కిస్తారు. కారు ఊరు దాటి సిగ్నల్ పల్చబడగానే రేడియో ఆ తేడాను వదిలేసి మోనోలోకి జారుకుంటుంది. వింటున్నవాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

అందుకని మోనో చెక్‌ని మిక్స్ (గొంతునీ వాయిద్యాలనీ కలిపే పని) అంతా అయ్యాక ఆఖర్లో ఒకసారి నొక్కి చూసే బటన్‌గా పెట్టుకోకండి. బ్యాలెన్స్ కుదర్చడమే మోనోలో కుదర్చండి. శబ్దం పక్కలకి ఎంత పరుచుకోవాలన్న వెడల్పు సంగతి ఆ తర్వాత చూద్దాం. ఇందుకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు. మీ దగ్గరున్న రెండు మానిటర్లు, ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కీ స్పీకర్లకీ మధ్య ఉండే పెట్టె), మీరు వాడే సాఫ్ట్‌వేర్ చాలు.

పనిలోకి దిగేముందు ఒక చిన్న లెక్క చూడండి. మోనో అంటే లెఫ్ట్‌నీ రైట్‌నీ కలిపి ఒకటి చేయడం. చిక్కంతా ఈ కూడికలోనే ఉంది. రెండు వైపులా ఒకే సిగ్నల్ ఉంటే కలిపినప్పుడు 6 డీబీ (డెసిబెల్స్) పెరుగుతుంది. రెండు వైపులా ఒకదానితో ఒకటి పొంతన లేని సిగ్నల్స్ ఉంటే 3 డీబీ పెరుగుతుంది. ఒకటి రెండోదానికి తలకిందులుగా ఉంటే ఒకదాన్నొకటి తినేసి ఏమీ మిగలదు. మీ మిక్స్‌లో ఈ మూడు రకాలూ కలగాపులగంగా ఉంటాయి. స్టీరియోలో చక్కగా కుదిరిన బ్యాలెన్స్ మోనోలోకి రాగానే మారిపోయేది ఇందువల్లే.

ముందు మానిటర్ల సంగతి తేల్చుకోండి

మానిటర్ల వైరింగే తప్పుగా ఉంటే ఇక ఎన్ని బటన్లు నొక్కినా వృథా. హోరుమని వానలా వినిపించే పింక్ నాయిస్ ఫైల్ ఒకటి దొరకబుచ్చుకుని, మోనోలో రెండు స్పీకర్లలోనూ ప్లే చేయండి. మీ కుర్చీలో కూర్చుంటే ఆ శబ్దం రెండు స్పీకర్ల మధ్య ఖాళీలో, గోడ దగ్గర ఒక్కచోట, పిడికిలంత జాగాలోంచి వస్తున్నట్టు ఉండాలి. అలా కాకుండా తల చుట్టూ పాకుతున్నట్టు, ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేనట్టు, కింది స్థాయి బేస్ అసలు లేనట్టు అనిపిస్తే ఒక స్పీకరు పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడి ఉన్నట్టు లెక్క.

ఇది అరుదేమీ కాదు. యాంప్లిఫయర్‌కి కలిపే పాత రకం స్పీకర్లయితే ఎరుపు, నలుపు వైర్లు ఒక దగ్గర అటూ ఇటూ అయి ఉంటాయి. యాంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ మానిటర్లయితే కేబుల్‌ని అనుమానించండి. షాపులో అప్పటికప్పుడు టంకం పెట్టించుకున్న ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) కేబుళ్లలో 2, 3 పిన్నులు మారిపోవడం మామూలే. రెండు కేబుళ్లూ ఒకే చేత్తో ఒకే తప్పుతో తయారైతే తేడా తెలియదు గానీ, ఒక్కదాంట్లోనే మారితే ఇలా దొరికిపోతుంది. వేరే కేబుల్ పెట్టి మళ్లీ వినండి, ఏది తప్పో నిమిషంలో తేలుతుంది.

ఆ తర్వాత లెవెల్. పింక్ నాయిస్‌ని ముందు లెఫ్ట్‌లో మాత్రమే, తర్వాత రైట్‌లో మాత్రమే ప్లే చేసి, ఫోన్లో సౌండ్ మీటర్ యాప్‌తో మీ తల ఉండేచోట కొలవండి. ఫోన్ చెప్పే అంకెను నమ్మక్కర్లేదు, రెండు అంకెలూ ఒకటేనా అన్నదే ముఖ్యం. తేడా ఉంటే స్పీకరు వెనకున్న నాబ్‌తో సరిచేయండి. రెండు స్పీకర్ల మధ్య దూరమూ, ఒక్కో స్పీకరు నుంచి మీ తలకి ఉన్న దూరమూ సమానంగా ఉండేలా చూసుకోండి.

ఇక ఫ్యాను. మే నెల బెజవాడలో ఫ్యాను ఆపమని చెప్పడం పాపమే. కానీ ఈ చెక్ అంతా తక్కువ వాల్యూమ్‌లో చేసేది కాబట్టి ఫ్యాను హోరు కింద చిన్న చిన్న తేడాలు కొట్టుకుపోతాయి. వినే రెండు మూడు నిమిషాలూ ఆపి, మార్పులు చేసేటప్పుడు వేసుకోండి. ఏలూరు రోడ్డు వైపు కిటికీ ఉన్న గదైతే పగలు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

మోనో బటన్ ఎక్కడుంది?

ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోచోట. రీపర్‌లో అన్ని ట్రాక్‌లూ వచ్చి కలిసే మాస్టర్ ట్రాక్ మీదే మోనో బటన్ ఉంటుంది. లాజిక్‌లో గెయిన్ అనే ప్లగిన్‌లో (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లో), ఏబుల్టన్‌లో యుటిలిటీలో మోనో మీట ఉంది. ఎఫ్ఎల్ స్టూడియోలో మిక్సర్ మాస్టర్ ట్రాక్‌కి ఉన్న స్టీరియో సెపరేషన్ నాబ్‌ని పూర్తిగా కుడివైపు తిప్పితే మోనో అవుతుంది. క్యూబేస్ ప్రో వాడేవాళ్లకి కంట్రోల్ రూమ్‌లో దొరుకుతుంది. ఇవేవీ కాదంటే వోక్సెంగో వాళ్ల ఎంఎస్‌ఈడీ అనే ప్లగిన్ ఉచితమే. మాస్టర్‌లో అన్నిటికంటే చివర, లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) తర్వాత పెట్టండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. మాస్టర్‌లో మోనో వేసి, వింటూ వింటూ మర్చిపోయి అలాగే రెండర్ కొడితే (పాటని ఫైల్‌గా బయటికి తీస్తే) ఆ ఫైల్ కూడా మోనోగానే బయటికి వస్తుంది. క్లయింటుకి వాట్సాప్‌లో పంపేశాక తెలుస్తుంది. రీపర్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. వ్యూ మెనూలో మానిటరింగ్ ఎఫ్ఎక్స్ అని ఉంటుంది. అక్కడ పెట్టిన ప్లగిన్లు మీ స్పీకర్లకే తప్ప రెండర్ అయ్యే ఫైల్‌కి తగలవు. మోనో ప్లగిన్‌ని అక్కడ పెట్టేసి, దానికొక షార్ట్‌కట్ కీ ఇచ్చుకోండి. మౌస్‌తో వెతికి నొక్కేలోపు చెవి ముందు విన్నదాన్ని మర్చిపోతుంది. మోనో, స్టీరియో, మోనో, స్టీరియో అని చిటికెలో మార్చగలిగితేనే తేడా పట్టుబడుతుంది.

చేయకూడనిది ఒకటుంది. ఇంటర్‌ఫేస్ లెఫ్ట్, రైట్ అవుట్‌పుట్లను వై కేబుల్‌తో ఒక దగ్గర కలిపేసి ఒక స్పీకరుకి ఇవ్వకండి. ఒక అవుట్‌పుట్ ఇంకో అవుట్‌పుట్‌లోకి తోస్తూ ఉంటుంది, సౌండ్ వక్రీకరిస్తుంది, సర్క్యూట్‌కీ మంచిది కాదు. ఒకదాన్ని రెండుగా చీల్చడానికి వై కేబుల్ వాడొచ్చు, రెండింటిని ఒకటి చేయడానికి మాత్రం వాడకూడదు. కలపడం సాఫ్ట్‌వేర్‌లోనే జరగనివ్వండి.

ఇప్పుడు ఒక స్పీకరు ఆపేయండి

మోనో బటన్ నొక్కి రెండు స్పీకర్లలోనూ వింటే సగం పనే అయినట్టు. రెండింటిలోంచీ ఒకే శబ్దం వస్తున్నప్పుడు అది మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ మధ్యలో ఏమీ లేదు. కుడి స్పీకరు శబ్దం మీ ఎడమ చెవికి కూడా చేరుతుంది, ఎడమ స్పీకరు శబ్దం కంటే సుమారు పావు మిల్లీసెకను ఆలస్యంగా. ఆ ఆలస్యం వల్ల 2 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఒక గుంట పడుతుంది, అంటే అక్కడ శబ్దం తగ్గిపోతుంది. పాటలో మాట స్పష్టంగా తెలిసేది ఆ ప్రాంతంలోనే. తల కాస్త పక్కకి జరిపితే ఆ గుంట కూడా జరుగుతుంది. రెండు స్పీకర్ల మోనోలో మీరు గొంతుకి చేసే ఈక్యూ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో సరిచేయడం) ఈ గుంట మీద ఆధారపడి ఉంటుందన్నమాట. ఒక్క స్పీకరైతే శబ్దం నిజంగా ఒక్కచోటు నుంచే వస్తుంది, ఈ గొడవ లేదు.

కాబట్టి మోనో వేశాక ఒక మానిటర్‌ని వెనక స్విచ్‌తో ఆపండి. చీటికీమాటికీ లేవడం ఇష్టం లేకపోతే మోనో ప్లగిన్ తర్వాత శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే ప్యాన్ ప్లగిన్ ఇంకోటి పెట్టి పూర్తిగా లెఫ్ట్‌కి తిప్పండి. కుర్చీ జరుపుకుని ఆ స్పీకరుకి ఎదురుగా కూర్చోండి. రెండింట్లో ఏది గది మూలకి దూరంగా ఉంటే దాన్నే వాడండి, మూలన ఉన్నది బేస్‌ని ఉబ్బిస్తుంది.

చాలామంది చేసే పొరపాటు మోనో వేయకుండానే ఒక స్పీకరు ఆపేయడం. అప్పుడు మీరు వింటున్నది మోనో కాదు, మిక్స్‌లో ఎడమ సగం. రైట్‌కి ప్యాన్ చేసిన గిటార్ వినబడట్లేదని కంగారుపడి దాన్ని పెంచేస్తే ఇంకేముంది. ముందు కలపాలి, తర్వాతే ఒకటి ఆపాలి. ఈ వరుస తప్పకూడదు.

దీనికోసమే ప్రత్యేకంగా చిన్న స్పీకరు కొనాలా అని అడుగుతుంటారు. 1970ల నాటి స్టూడియోల్లో ఆరాటోన్ 5సీ అనే చిన్న చతురస్రపు డబ్బా ఉండేది. నాలుగున్నర అంగుళాల కోను ఒక్కటే, ట్వీటరు లేదు, పెద్ద బేస్ లేదు. ఇప్పుడు అలాంటివే అవాంటోన్ వాళ్లూ చేస్తున్నారు. డబ్బులుంటే బాగానే ఉంటుంది. లేకపోతే మీ మానిటర్లలో ఒకటి చాలు. ఆ డబ్బు గది గోడలకి పెట్టడం మేలని నా అభిప్రాయం. మన ఫ్లాట్లలో సిమెంటు గోడ, కింద టైల్స్, చప్పట్లు కొడితే గణగణమంటుంది. అలాంటి గదిలో ఏ స్పీకరైనా అబద్ధమే చెబుతుంది.

ఏం వినాలి, ఏ వరుసలో వినాలి

వాల్యూమ్ బాగా తగ్గించండి. ఆ గదిలో మీరూ ఇంకొకరూ గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగేంత. ఇంకా తగ్గించి, వినీవినిపించనంతగా చేసి, అప్పుడు ఏం మిగిలిందో చూడండి. గొంతు, దరువు మిగలాలి. గొంతు కంటే ముందు ప్యాడ్స్ (వెనక సాగుతూ ఉండే కీబోర్డ్ శబ్దాలు) వినబడుతున్నాయంటే అక్కడే మీ పని మొదలవుతుంది.

గొంతు విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మధ్యలో ఉన్నవాటితో పోలిస్తే పూర్తిగా లెఫ్ట్‌కీ రైట్‌కీ పంపినవి మోనోలో సుమారు 3 డీబీ తగ్గుతాయి. అంటే మోనోలోకి రాగానే గొంతు తనంత తానే కాస్త ముందుకి వస్తుంది. అది చూసి వెంటనే గొంతు తగ్గించేయకండి. దీన్ని తిరగేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈ లాభం కలిసొచ్చాక కూడా మోనోలో మాట అర్థం కావట్లేదంటే, మీ మిక్స్‌లో గొంతు నిజంగానే మునిగిపోయి ఉంది. స్టీరియోలో వాయిద్యాలు పక్కలకి తప్పుకోవడం వల్ల అది ఇన్నాళ్లూ కనబడలేదు.

మాట అర్థమవుతోందో లేదో మీకు తెలియదు, మీకు పాట కంఠతా వచ్చేసి ఉంటుంది. పాట ఇంతకుముందు వినని మనిషిని, ఇంట్లో అమ్మనో పక్కింటి పిన్నినో పిలిచి, ఒక చరణం వినిపించి దాని మొదటి లైను ఏమిటో చెప్పమనండి. భక్తి పాటైనా, క్రైస్తవ గీతమైనా, జానపదమైనా జనం పట్టుకునేది మాటని. ఆవిడ చెప్పలేకపోతే గొంతు ఫేడర్ (లెవెల్ మీట) ఎత్తేముందు గొంతుకి అడ్డం పడుతున్నదేమిటో వెతకండి. హార్మోనియం, ప్యాడ్స్, అకౌస్టిక్ గిటార్, స్ట్రింగ్స్ అన్నీ గొంతు ఉండే చోటే కాపురం చేస్తాయి. ఒక్కోదాన్ని మ్యూట్ చేసి చూడండి. ఏది తీసేస్తే మాట తేటపడుతుందో దాన్ని 2, 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో రెండు మూడు డీబీలు కోయండి. గొంతు బొంగురుగా మూసుకుపోయినట్టుంటే 300 హెర్ట్జ్ చుట్టుపక్కల ప్యాడ్స్‌ని తగ్గించండి. ఈ కోతలన్నీ మోనోలోనే, ఒక్క స్పీకరుతోనే చేయండి. ఇక్కడ వాయిద్యాలు దాక్కోవడానికి పక్క జాగా లేదు కాబట్టి ఈక్యూ తప్పనిసరిగా అసలు పని చేయాల్సి వస్తుంది. తర్వాత స్టీరియో వేసినప్పుడు గది కిటికీలు తెరిచినట్టుంటే మీ కోతలు సరిగ్గా పడ్డట్టే.

తర్వాత దరువు, బేస్. కిక్ (డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ రెండూ మధ్యలోనే ఉంటాయి కాబట్టి మోనోలో మారకూడదు. మారాయంటే, అంటే బేస్ పల్చబడితే, బేస్ సింథ్ ప్యాచ్‌లో (కీబోర్డ్‌లో ఎంచుకున్న బేస్ శబ్దంలో) స్టీరియో ఎఫెక్ట్ ఏదో కూర్చుని ఉంటుంది. 120 హెర్ట్జ్ కిందిదంతా మోనో చేసే మీట చాలా ప్లగిన్లలో ఉంటుంది, ఏబుల్టన్ యుటిలిటీలో బేస్ మోనో అనే ఉంది. అది వేయండి.

రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తగ్గి పాట కొంచెం పొడిగా అనిపిస్తుంది. అది సహజం, వదిలేయండి. రెండు వైపులా వాయించిన గిటార్లు కాస్త వెనక్కి వెళతాయి. అదీ సహజమే. పల్లవి తర్వాత వచ్చే ఫ్లూట్ బిట్టో, కీబోర్డ్ బిట్టో, జనం ఈల వేసుకునే ఆ ముక్క వెనక్కి వెళ్లిందంటే మాత్రం ఊరుకోకూడదు.

మాయమైనవాటిని పట్టుకోవడం

మోనో నొక్కగానే ఏదో తగ్గింది, ఏమిటో తెలియట్లేదు. అప్పుడు ఒక్కో ట్రాక్‌ని సోలో చేసి (అదొక్కటే వినబడేలా పెట్టి) మోనో, స్టీరియో మార్చి వినండి. వోక్సెంగో స్పాన్ అనే ఉచిత ప్లగిన్‌లో కోరిలేషన్ మీటర్ ఉంది. ప్లస్ 1 అంటే రెండు వైపులా ఒకటే, సున్నా అంటే పొంతన లేదు, మైనస్ వైపు వెళ్లిందంటే ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. క్షణకాలం సున్నా కిందికి వెళ్లి వచ్చినా ఫర్వాలేదు, అక్కడే మకాం పెడితే ఆ ట్రాక్‌ని పట్టుకోండి. మీటర్ చెప్పింది చెవితో ఖాయం చేసుకోవడం మర్చిపోవద్దు.

దొంగలు సాధారణంగా నలుగురే.

మొదటివాడు డోలక్. మన దగ్గర డోలక్‌కి, మృదంగానికి రెండు మైకులు పెట్టడం అలవాటు, ఎడమ మూతకొకటి, కుడి మూతకొకటి. ఒక మూత మీద దెబ్బ పడగానే అది లోపలికి వెళుతుంది, అంటే ఆ వైపు మైకుకి దూరంగా. లోపలి గాలి తోసేసరికి రెండో మూత బయటికి ఉబ్బుతుంది, అంటే ఆ వైపు మైకు దగ్గరికి. ఒకే దెబ్బకి రెండు మైకుల్లోనూ కింది స్థాయి శబ్దం ఒకదానికొకటి తలకిందులుగా రికార్డవుతుంది. వాటిని లెఫ్ట్‌కీ రైట్‌కీ పంపి స్టీరియోలో వింటే డోలక్ ఎంతో పెద్దగా, గదినిండా ఉన్నట్టుంటుంది. మోనోలోకి రాగానే గుమ్మనే గుమికి పోయి టకటక మాత్రమే మిగులుతుంది. మందు తేలిక. ఒక ట్రాక్ మీద పోలారిటీ తిప్పే బటన్ ఉంటుంది, సున్నాకి అడ్డగీత గీసిన గుర్తు. మోనోలో వింటూ దాన్ని నొక్కి తీసి చూడండి. ఎప్పుడు గుమికి నిండుగా ఉంటే అలా వదిలేయండి. రెండు మైకుల దూరాల్లో తేడా ఉంటే ఆలస్యం కూడా కలుస్తుంది. 34 సెంటీమీటర్ల తేడా అంటే 1 మిల్లీసెకను. వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూసి జరపొచ్చు, కానీ జరిపాక మళ్లీ వినండి. గీతలు కలిశాయని దెబ్బ బాగున్నట్టు కాదు.

రెండోవాడు కీబోర్డ్. స్టీరియో పియానో, స్ట్రింగ్స్ ప్యాచ్‌లు హెడ్‌ఫోన్లో అద్భుతంగా ఉంటాయి, మోనోలో కొన్ని డొల్లగా అయిపోతాయి. కీబోర్డ్ వెనక ఎల్/మోనో అని రాసి ఉన్న జాక్ ఉంటే, అందులో ఒక్క కేబులే పెడితే కీబోర్డ్ తనే సరిగ్గా కలిపి ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ వాయిద్యమైతే మోనో రకం ప్యాచ్ ఉందేమో చూడండి. లేదంటే స్టీరియో ట్రాక్‌లో ఒక వైపుని మాత్రమే తీసుకుని కావలసిన చోటికి ప్యాన్ చేసేయండి. పది ట్రాక్‌ల పాటలో ప్రతి వాయిద్యమూ స్టీరియోలో ఉండాల్సిన పని లేదు.

మూడోవాణ్ని మనమే పిలిచి కూర్చోబెడతాం. ఒకే గిటార్ టేక్‌ని (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ని) కాపీ చేసి, ఒకదాన్ని లెఫ్ట్‌కి పంపి, రెండోదాన్ని 10 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి రైట్‌కి పంపే చిట్కా. స్టీరియోలో ఆహా అనిపిస్తుంది. మోనోలో కలిశాక 50, 150, 250, 350 హెర్ట్జ్, ఇలా ప్రతి 100 హెర్ట్జ్‌కీ ఒక గుంట చొప్పున పై దాకా పడిపోతుంది. గిటార్ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. ఈక్యూతో దీన్ని బాగుచేయలేరు. గిటారిస్టు ఇంకా స్టూడియోలోనే ఉంటే రెండోసారి నిజంగా వాయించమనండి. రెండు వేర్వేరు టేక్‌లు మోనోలో కాస్త తగ్గుతాయి గానీ చచ్చిపోవు. కోరస్ గొంతులకీ ఇదే మాట. ఒకరి టేక్‌ని నాలుగుసార్లు కాపీ కొట్టి జరపడం కంటే నలుగురు పిల్లలతో, లేదా ఒక్కరితోనే నాలుగుసార్లు పాడించడం మేలు.

నాలుగోవాడు మాస్టర్ మీద వేసే వైడెనర్, అంటే స్టీరియోని ఇంకా వెడల్పు చేసే ప్లగిన్. చాలా వైడెనర్లు లెఫ్ట్, రైట్ మధ్య ఉన్న తేడానే పెంచుతాయి. మోనో కూడికలో ఆ తేడా మొత్తం సున్నా అయిపోతుంది. అంటే మీరు ఎంత పెంచినా ఆటో మైకు వాడికి అందేది ఏమీ లేదు. ఆపైన స్టీరియో వినేవాళ్లకి గొంతు వెనక్కి వెళ్లినట్టుంటుంది. నన్నడిగితే అసలు తీసేయమంటాను.

ఇవన్నీ సరిచేశాక రెండు స్పీకర్లూ వేసి, స్టీరియోలోకి వచ్చి, ఇప్పుడు ప్యానింగ్‌తో ఆడుకోండి. మధ్యమధ్యలో షార్ట్‌కట్ నొక్కి చూస్తూ ఉంటే సరిపోతుంది. మోనో కోసమని అన్నిటినీ మధ్యలో కుక్కేయడం కూడా తప్పే. హెడ్‌ఫోన్లో వినేవాళ్లూ మీ శ్రోతలే.

ఫోన్‌లో ఒకసారి

రెండర్ చేసిన ఫైల్‌ని కింద ఒక్క స్పీకరే ఉన్న మామూలు ఫోన్లోకి పంపి, ఫోన్‌ని బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్లి వినండి. ఇందులో కింది బేస్ ఎలాగూ రాదు. బేస్ లైను వాయిస్తున్న స్వరాలైనా తెలుస్తున్నాయా అన్నది చూడాలి. తెలియకపోతే బేస్ ఫేడర్ పెంచినందువల్ల ఉపయోగం లేదు, ఫోన్ పలకలేని దాన్ని ఎంత పెంచినా పలకదు. బేస్ మీద కొద్దిగా శాచురేషన్ (శబ్దానికి కాస్త గరుకుదనం చేర్చే ఎఫెక్ట్) వేస్తే పై హార్మోనిక్స్ (అదే స్వరానికి పై స్థాయి శబ్దాలు) పుడతాయి, వాటిని ఫోన్ పలుకుతుంది. మళ్లీ మానిటర్ మీద విని, బేస్ గరగరలాడట్లేదని చూసుకోండి.

పందిరికి ఫైల్ ఇచ్చేటప్పుడు

స్టూడియోలో మోనో ఎంత బాగా చూసుకున్నా, స్టేజీ దగ్గర కేబుల్ ఒకటి మొత్తం పాడు చేయగలదు. ఆర్కెస్ట్రా వాళ్లు ల్యాప్‌టాప్‌లో ట్రాక్ ప్లే చేస్తారు. హెడ్‌ఫోన్ సాకెట్‌లో స్టీరియో పిన్ను పెట్టి, అవతలి చివర మూడు భాగాల పెద్ద జాక్‌ని మిక్సర్‌లో ఒక్క లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. పాట మొదలవుతుంది. రివర్బ్ వస్తుంది, పక్క గిటార్లు వస్తాయి, గొంతు లేదు, కిక్ లేదు, బేస్ లేదు.

"అన్నా, వాయిస్ ఏదీ?"

"మీ పెన్‌డ్రైవ్‌లోనే లేదు బాబూ, నా సెట్టు బాగానే ఉంది."

ఫైల్లో గొంతు ఉంది. ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ రకం. ఆ జాక్‌లో మొన నుంచి వచ్చినదాంట్లోంచి మధ్య రింగు నుంచి వచ్చినదాన్ని తీసేసి మిగిలినదాన్ని లోపలికి తీసుకుంటుంది. మైకు కేబుల్ హమ్ పోగొట్టడానికి ఏర్పాటు చేసిన పద్ధతి అది. ఇక్కడ మొన మీద లెఫ్ట్, రింగు మీద రైట్ వస్తున్నాయి. కాబట్టి లెఫ్ట్‌లోంచి రైట్ తీసేస్తే రెండింటిలో సమానంగా ఉన్నవన్నీ, అంటే మధ్యలో ఉన్న గొంతు, కిక్, బేస్ అన్నీ పోతాయి. మోనోకి సరిగ్గా వ్యతిరేకం. వాల్యూమ్ పెంచితే ఆ రివర్బే పెద్దగా వస్తుంది.

దీనికి కావలసింది ఒక వైపు చిన్న స్టీరియో పిన్ను, రెండో వైపు విడివిడిగా రెండు మామూలు మోనో జాకులు ఉన్న కేబుల్. రెండింటినీ రెండు ఛానెళ్లలో పెట్టి, రెండు ప్యాన్ నాబ్‌లూ మధ్యలో ఉంచి, రెండు ఫేడర్లూ సమానంగా ఎత్తాలి. ఆ మైక్‌సెట్ ఒంటి బాక్సుదైనా అప్పుడు మీరు స్టూడియోలో ఒక్క స్పీకరులో విన్నదే బయటికి వస్తుంది.

స్టీరియో ఫైల్‌తో పాటు అదే పాటని మోనోలో రెండర్ చేసి, పేరు చివర మోనో అని రాసి అదే పెన్‌డ్రైవ్‌లో వేయండి. కలిపినప్పుడు లెవెల్ పెరిగి పీకులు కొట్టకుండా (హద్దు దాటి చిట్లకుండా) మీటర్ చూసుకోండి. సౌండ్ చెక్‌లో ముందు ఈ మోనో ఫైల్‌నే ప్లే చేయించండి. తప్పు కేబుల్ ఉంటే రెండు వైపులా ఒకటే కాబట్టి మొత్తం పోయి స్పీకర్లలో దాదాపు నిశ్శబ్దం వస్తుంది, జనం రాకముందే తెలిసిపోతుంది. సరైన కేబుల్ మాత్రం మైక్‌సెట్ వాళ్ల దగ్గర ఉంటుందని అనుకోకండి, ఒకటి మీ బ్యాగులోనే పెట్టుకుని వెళ్లండి.